చిరునామాను కింది నుంచి పైకి చదువుతారు: కవరు మీది ప్రతి వరుస ఎవరి కోసం?

పెనుకొండ వేరు, పెనుగొండ వేరు. మొదటిది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న కోట అక్కడిదే. రెండోది పశ్చిమ గోదావరి జిల్లాలో, వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయంతో పేరుపొందిన ఊరు. చేతిరాతలో ‘కొ’ కాస్త ‘గొ’లా పడితే పెనుకొండకు వెళ్ళాల్సిన కవరు గోదావరి ఒడ్డుకు చేరగలదు. దాన్ని అక్కడికి పోకుండా ఆపగలిగేవి కవరు అడుగున ఉండే పిన్ కోడ్‌లోని మొదటి మూడు అంకెలే. 515 అని ఉంటే పెనుకొండ, 534 అని ఉంటే పెనుగొండ. సార్టింగ్ బల్ల దగ్గర ఉన్న ఉద్యోగి ఊరి పేరు చదవడానికి ముందే ఆ అంకెలు చూస్తాడు.

మన సీమలో ఇలాంటి చిక్కులు చాలా ఉన్నాయి. ఆత్మకూరు నంద్యాల జిల్లాలో ఒకటి, అనంతపురం జిల్లాలో ఒకటి, నెల్లూరు జిల్లాలో మరొకటి. తెలంగాణలో ఉన్న ఆత్మకూర్లు వీటికి అదనం. కర్నూలు పక్కన ఒక గూడూరు, నెల్లూరు వైపు ఒక గూడూరు, కృష్ణా జిల్లాలో ఇంకో గూడూరు. రాయదుర్గం అనగానే అనంతపురం వాళ్ళకు తమ కొండకోట గుర్తుకొస్తే, హైదరాబాదు వాళ్ళకు మెట్రో స్టేషను గుర్తుకొస్తుంది. ఇక కొత్తపల్లెలకూ రామాపురాలకూ లెక్కే లేదు.

ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేదెవరు, ఇదంతా ఎందుకు అని అనిపించవచ్చు. క్షేమసమాచారాల ఉత్తరాలు తగ్గిన మాట నిజం. కానీ పాస్‌పోర్టు పోస్టులోనే వస్తుంది. ఆధార్ పీవీసీ కార్డు, బ్యాంకు ఏటీఎం కార్డు, కోర్టు నోటీసు, ఉద్యోగ నియామక పత్రం, సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు, అన్నీ ఆ దారిలోనే వస్తాయి. వెనకటికి ఉత్తరం తప్పిపోతే మళ్ళీ ఇంకోటి రాసుకునేవాళ్ళం. ఇప్పుడు వచ్చే కవరు తప్పిపోతే ఒక గడువు దాటిపోతుంది, ఒక అవకాశం చేజారుతుంది. అందుకే చిరునామా రాయడం తెలియాల్సిన అవసరం మునుపటికంటే ఇప్పుడే ఎక్కువ.

ఒక సంగతి మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. మనం చిరునామాను పైనుంచి కిందికి రాస్తాం: పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, పోస్టు, మండలం, జిల్లా, పిన్. తపాలా శాఖ దాన్ని కింది నుంచి పైకి చదువుతుంది. కడపలో డబ్బా నుంచి తీసిన కవరును మొదట పట్టుకునే ఉద్యోగికి గ్రహీత పేరుతో పని లేదు, ఇంటి నంబరుతో అంతకన్నా పని లేదు. ఆయనకు కావలసింది అది ఏ సంచిలో పడాలన్నదే. సంచి విప్పిన చోట పోస్టాఫీసు పేరు చూస్తారు. ఆ పోస్టాఫీసులో ఊరినో వీధినో చూసి ఏ బీటుకు, అంటే ఏ పోస్టుమ్యాన్ తిరిగే వీధులకు, చెందుతుందో తేలుస్తారు. ఆ బీటు పోస్టుమ్యాన్‌కు మాత్రమే ఇంటి నంబరు కావాలి, చివరికి గుమ్మం దగ్గర పేరు కావాలి. ఒక్కో వరుస ఒక్కో మనిషి కోసం రాసింది. ఏ వరుస తప్పితే కవరు ఆ మనిషి చేతిలో ఆగిపోతుంది.

ఆరు అంకెల లోపల

పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలో అదనపు కార్యదర్శిగా ఉన్న శ్రీరామ్ భికాజీ వేలణకర్ దాన్ని రూపొందించారు. ఆయన సంస్కృత కవి కూడా. ఇన్ని భాషలు, ఇన్ని లిపులు, ఒకే పేరుతో ఇన్ని ఊళ్ళు ఉన్న దేశంలో భాషతో నిమిత్తం లేని గుర్తు ఒకటి ఉండాలన్న ఆలోచన నుంచి అది పుట్టింది. అంతకుముందు సార్టింగ్ ఉద్యోగులు వేల ఊళ్ళ పేర్లు, వాటి దారులు నోటికి నేర్చుకుని పనిచేసేవారు.

మొదటి అంకె దేశంలోని తపాలా జోన్‌ను చెబుతుంది. 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. రెండో అంకెతో కలిపి చదివితే రాష్ట్రం తేలుతుంది: 50 తెలంగాణ, 51 నుంచి 53 వరకు ఆంధ్రప్రదేశ్, 56 నుంచి 59 వరకు కర్ణాటక. మూడో అంకెతో సార్టింగ్ జిల్లా తెలుస్తుంది. మనకు 515 అనంతపురం, 516 కడప, 517 చిత్తూరు, 518 కర్నూలు. చివరి మూడు అంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసువి. 515001 అనంతపురం ప్రధాన పోస్టాఫీసు, 516001 కడపది, 518001 కర్నూలుది. ఆదోని 518301, నంద్యాల 518501, ప్రొద్దుటూరు 516360, హిందూపురం 515201, ధర్మవరం 515671, గుంతకల్లు 515801.

పిన్ దూరాన్ని చెప్పదు. కర్నూలులో తుంగభద్ర ఒడ్డున నిలబడితే ఆవలి గట్టు తెలంగాణ. అక్కడి అలంపురం పిన్ 509తో మొదలవుతుంది. గుంతకల్లు నుంచి బళ్ళారికి రైల్లో పోయి వచ్చేవాళ్ళు రోజూ ఉంటారు, కానీ బళ్ళారి 583. నేల మీద పక్కపక్కనే ఉన్న ఊళ్ళకు కవర్లు వేర్వేరు సంచుల్లో, వేర్వేరు దారుల్లో పోతాయి. పక్క ఊరే కదా, పిన్ లేకపోయినా చేరుతుందిలే అనుకోవడం అందుకే ప్రమాదం.

9తో మొదలయ్యే పిన్‌లు సైన్యానివి. సరిహద్దులో ఉన్న కొడుక్కో తమ్ముడికో రాసేటప్పుడు ఆయన సర్వీసు నంబరు, హోదా, పేరు, యూనిట్ రాసి, కేరాఫ్ 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) లేదా 99 ఏపీవో అని, ఆయన ఇచ్చిన పిన్ వేస్తే సరిపోతుంది. ఆయన ఎక్కడున్నాడో మీకు తెలిసినా ఆ ఊరి పేరు కవరు మీద రాయకూడదు. ఆ ఏర్పాటు ఉన్నదే యూనిట్ ఎక్కడుందో బయటపడకుండా ఉండటానికి.

జిల్లా మారింది, పిన్ మారలేదు

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు విడిపోయాయి. అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, కర్నూలు నుంచి నంద్యాల జిల్లా వచ్చాయి. కడప, చిత్తూరు జిల్లాల భాగాలు కలిపి అన్నమయ్య జిల్లా చేశారు. ఆ తరువాత కూడా సరిహద్దులు అక్కడక్కడా మారాయి. ఇప్పటికీ చాలామందికి ఒక అనుమానం ఉంది: మాది ఇప్పుడు నంద్యాల జిల్లా కదా, మరి పిన్ 518 అని కర్నూలుదే ఎందుకు వేయాలి?

పిన్ రెవెన్యూ జిల్లాది కాదు, తపాలా శాఖ సార్టింగ్ ఏర్పాటుది. పోస్టాఫీసు అక్కడే ఉంది, దానికి సంచి వచ్చే దారి అదే, కాబట్టి అంకె అదే. హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా 515201 చెక్కుచెదరలేదు. 2022 నాటి అన్నమయ్య జిల్లాలో రాయచోటి పిన్ 516తో, మదనపల్లె పిన్ 517తో ఉండేవి. ఒకే జిల్లాకు రెండు వరుసల పిన్‌లు ఉండటం తప్పేమీ కాదు.

దీన్ని మన కర్నూలు చరిత్రే చక్కగా విడమరచి చెబుతుంది. మార్కాపురం, గిద్దలూరు ఒకప్పుడు కర్నూలు జిల్లావి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. మరో రెండేళ్ళకు పిన్ కోడ్ వచ్చింది. అప్పటికే అవి అటు పోయాయి కాబట్టి వాటికి ఒంగోలు వరుస 523 దక్కింది. నంద్యాల మాత్రం పిన్ వచ్చిన యాభై ఏళ్ళకు విడిపోయింది కాబట్టి 518లోనే ఉండిపోయింది. అంతకుముందు 1953లో బళ్ళారి జిల్లా చీలినప్పుడు ఆదోని కర్నూలుకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. అందుకే నేడు వాటికి 518, 515, బళ్ళారికి 583. 1972 నాటికి ఏ ఊరు ఎటువైపు ఉందన్నది ఈ అంకెల్లో అలా గడ్డకట్టి ఉంది.

కాబట్టి జిల్లా పేరు దగ్గర తికమక పడాల్సిన పని లేదు. పాత జిల్లా పేరు రాసినా కొత్తది రాసినా పిన్, పోస్టాఫీసు పేరు సరిగ్గా ఉంటే కవరు చేరుతుంది. కడప ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారినా, జిల్లాకు 2010లో వై.ఎస్.ఆర్. పేరు పెట్టినా, 516001కు వెళ్ళాల్సినవి 516001కే వెళ్ళాయి. కొత్త జిల్లా వచ్చింది కదా అని జిల్లా కేంద్రం పిన్ తీసుకొచ్చి తమ ఊరికి వేసుకోవడమే అసలైన పొరపాటు. అలా చేస్తే కవరు ముందు జిల్లా కేంద్రానికి పోయి, అక్కడ ఎవరో గమనించి దారి మళ్ళిస్తే తప్ప ఊరు చేరదు.

పల్లెకు రాసే చిరునామా

పట్టణంలో చిరునామా రాయడం తేలిక. పల్లెకు రాసేటప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే అక్కడ పోస్టాఫీసుల వరుస వేరు.

తపాలా శాఖలో మూడు మెట్లు ఉంటాయి. ప్రధాన పోస్టాఫీసు, దాని కింద సబ్ పోస్టాఫీసు, దాని కింద బ్రాంచి పోస్టాఫీసు. పల్లెల్లో ఉండేది చాలావరకు బ్రాంచి పోస్టాఫీసే. దాన్ని నడిపేది గ్రామీణ డాక్ సేవకులు. రోజుకు నాలుగైదు గంటలు పనిచేస్తుంది. చాలాచోట్ల అది బ్రాంచి పోస్టుమాస్టరు ఇంట్లోనో పంచాయతీ ఇచ్చిన గదిలోనో ఉంటుంది. ఈ బ్రాంచి ఆఫీసుకు విడిగా పిన్ ఉండదు. తన పైనున్న సబ్ పోస్టాఫీసు పిన్నే దానిదీ. అంటే ఒకే పిన్ కింద పది ఊళ్ళు ఉండవచ్చు, ఇరవై ఊళ్ళూ ఉండవచ్చు. పట్టణంలో పిన్ మిమ్మల్ని పేట దాకా తీసుకెళ్తుంది. పల్లెలో అది సబ్ పోస్టాఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కవరును ముందుకు నడిపేది బ్రాంచి పోస్టాఫీసు పేరు మాత్రమే.

మన చిరునామాల్లో ‘గ్రామం & పోస్టు’ అని కలిపి రాసే అలవాటు ఉంది. ఆ ఊళ్ళో సొంత పోస్టాఫీసు ఉంటేనే అలా రాయాలి. లేకపోతే ఊరి పేరు ఒక వరుసలో, ఆ ఊరికి ఉత్తరాలు తెచ్చే పోస్టాఫీసు పేరు పక్కన ‘పోస్టు’ అని మరో వరుసలో ఉండాలి. దరఖాస్తు ఫారాల్లో, పెళ్ళిపత్రికల్లో ఈ రెండింటినీ ఆలోచించకుండా కలిపేస్తుంటారు. సబ్ పోస్టాఫీసులో సంచులు కట్టే మనిషి ఆ పేరుతో బ్రాంచి కోసం వెతికి, దొరకక కవరు పక్కన పెడతాడు. అక్కడ పాత ఉద్యోగి ఉంటే ‘ఆ ఊరు ఫలానా పోస్టు కిందిది’ అని చెప్పి పంపిస్తాడు. బదిలీ మీద కొత్తగా వచ్చినవారికి అది తెలియదు.

మండలం సంగతి ఇంకొకటి. మండలాలు 1985లో వచ్చాయి, పోస్టాఫీసుల దారులు అంతకన్నా పాతవి. అందువల్ల ఊరు ఒక మండలంలో, దాని ఉత్తరాలు వచ్చే సబ్ పోస్టాఫీసు పక్క మండలంలో ఉండటం మామూలే. మీ పిన్ పక్క మండలం పేరుతో కనిపిస్తే కంగారుపడి మార్చుకోవద్దు. తపాలా శాఖ వెబ్‌సైటులో పిన్ వెతికే చోట ఊరి పేరు కొట్టి చూడండి. ఊరి బ్రాంచి పోస్టుమాస్టరును అడిగితే ఇంకా నిక్కచ్చిగా తెలుస్తుంది. ఆధార్‌లో చిరునామా మార్చుకునేటప్పుడు పిన్ కొట్టగానే దాని కింది పోస్టాఫీసుల పేర్లు వరుసగా వస్తాయి. అక్కడ మొదటి పేరు నొక్కేసి ముందుకు పోవడం చాలామంది చేసే పని. ఆ ఒక్క నొక్కుతో మీ చిరునామాలో పక్క ఊరి పోస్టాఫీసు చేరుతుంది. ఆపైన బ్యాంకూ పాస్‌పోర్టూ అన్నీ ఆధార్ చూసే రాసుకుంటాయి కాబట్టి ఆ తప్పు మీ వెంటే తిరుగుతుంది.

ఇక పేరు. కర్నూలు పల్లెల్లో మద్దిలేటి అని పిలిస్తే ఒకరు పలకరు, నలుగురు పలుకుతారు. కడప వైపు ఓబులేసులు, అనంతపురం వైపు ఆంజనేయులు, నారాయణప్పలు, మూడు జిల్లాల్లోనూ దస్తగిరులు, మస్తానులు. ఇలవేల్పు పేరో దర్గా పేరో పిల్లలకు పెట్టుకునే నేల ఇది. కాబట్టి ఇంటిపేరు పూర్తిగా రాయాలి, పొడి అక్షరం చాలదు. తండ్రి పేరో భర్త పేరో రెండో వరుసలో ఉండాలి. తాత పేరే మనవడికి పెట్టిన ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. పెద్ద ఊరైతే వీధి పేరు, కాలనీ పేరు కలపాలి.

పట్టణాల్లో మనం గుర్తుల మీద ఎక్కువ ఆధారపడతాం. కడపలో ఏడు రోడ్ల దగ్గర, అనంతపురంలో గడియార స్తంభం వెనుక, కర్నూలులో కొండారెడ్డి బురుజు ఎదురుగా అని రాస్తే సరిపోతుందనుకుంటాం. కొరియరు కుర్రాడికి ఆ గుర్తు చాలు, ఎందుకంటే అతను దారిలో ఫోన్ చేసి అడుగుతాడు. పోస్టుమ్యాన్ తన బీటులోని కవర్లను బయలుదేరే ముందే వీధుల వరుసలో పేర్చుకుంటాడు. ఆయనకు డోర్ నంబరు, వీధి పేరు కావాలి. గుర్తు రాయండి, కానీ వాటికి తోడుగా రాయండి, వాటి బదులు కాదు. ఫోన్ నంబరు కూడా వేస్తే మంచిది. స్పీడ్ పోస్టుకైతే తప్పకుండా వేయాలి.

తపాలా శాఖ 2025 మే నెలలో డిజిపిన్ అనే మరో ఏర్పాటు తెచ్చింది. ఐఐటీ హైదరాబాదు, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి చేసిన పని అది. దేశం మొత్తాన్ని దాదాపు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల గళ్ళుగా విడదీసి, ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇచ్చారు. తోటలో, చెరువు గట్టున, డోర్ నంబరు లేని కొట్టంలో ఉన్న ఇంటికి కూడా దాంతో చిరునామా ఉంటుంది. అంబులెన్సులకూ ప్రకృతి విపత్తులకూ అది పనికొస్తుందని నా గట్టి నమ్మకం. అయితే ఇది పిన్‌కు బదులు కాదు. కవరు మీద ఆరు అంకెలు రాయక తప్పదు.

ఏ భాషలో రాయాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ లోపల తెలుగులో నిశ్చింతగా రాయవచ్చు, రాయాలి కూడా. పక్క రాష్ట్రానికైతే అక్కడి పోస్టుమ్యాన్ చదవగలిగే లిపిలో ఉండాలి. బెంగళూరులో పనికి పోయిన మనిషికి అనంతపురం నుంచి తెలుగులో చిరునామా రాసి పంపితే ఈ కొసన ఇబ్బంది ఉండదు, ఆ కొసన ఉంటుంది. ఊరి పేరు, రాష్ట్రం, పిన్ ఇంగ్లీషులో వేయడం క్షేమం. విదేశాలకైతే అడుగు వరుసలో దేశం పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండాలి.

కవరు, బరువు, బిళ్ళ

అందుకునేవారి చిరునామా కవరు ముందువైపు కుడి సగంలో, పంపేవారిది ఎడమ కింది మూలన లేదా వెనకవైపు. స్టాంపు కుడి పై మూలన. ముద్ర కొట్టే మనిషి చెయ్యి అక్కడికే పోతుంది కాబట్టి ఆ చోటు. పంపేవారి చిరునామాను చాలామంది వదిలేస్తారు. అది లేని కవరు గ్రహీత దొరక్కపోతే ఎక్కడికీ తిరిగి వెళ్ళలేదు. తిరిగొచ్చిన ఉత్తరాల కార్యాలయం ఒకటి విడిగా ఉంటుంది, అక్కడికి పోతుంది. లోపల ఏదైనా ఆచూకీ ఉందేమోనని అక్కడ విప్పి చూడాల్సి వస్తుంది. ఒక్క నిమిషం కేటాయించి మీ చిరునామా రాసుకుంటే ఆ పరిస్థితి రాదు.

మామూలు ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయలు, ఆపైన ప్రతి 20 గ్రాములకు మరో 5. ఇంట్లో త్రాసు లేకపోయినా ఒక లెక్కతో తెలుసుకోవచ్చు. మామూలు ఏ4 కాగితం దాదాపు 5 గ్రాములు. మూడు కాగితాలు, చిన్న కవరు కలిసి 20 దగ్గర ఉంటాయి. నాలుగో కాగితం పెట్టారంటే మరో బిళ్ళ అంటించాలి. పెళ్ళిపత్రికల దగ్గర ఈ తప్పు ఎక్కువ. అట్ట మందం, బంగారు పూత, లోపల ఇంకో కార్డు, వీటితో బరువు సులువుగా హద్దు దాటుతుంది. బిళ్ళ తక్కువైతే ఆ ఉత్తరాన్ని బేరింగు అంటారు. తక్కువైన దానికి రెట్టింపు అందుకునేవారి దగ్గర వసూలు చేసే పద్ధతి అది. శుభకార్యానికి పిలుస్తూ చుట్టాల చేత డబ్బు కట్టించడం బాగుండదు కదా! ఒక పత్రికను కౌంటరు దగ్గర తూకం వేయించి, మిగిలినవాటికి అదే లెక్కన బిళ్ళలు కొనండి. ఇన్‌లాండ్ లెటర్‌లో అయితే లోపల ఏ కాగితమూ పెట్టకూడదు.

ఎర్ర డబ్బా మీద ఒక చిన్న పలక ఉంటుంది, దాని మీద డబ్బా తెరిచే వేళ రాసి ఉంటుంది. ఆ వేళ దాటాక వేసిన ఉత్తరం మరుసటి పనిదినం దాకా లోపలే ఉంటుంది. అత్యవసరమైతే నేరుగా పోస్టాఫీసులో ఇవ్వడం మేలు.

రిజిస్టరు పోస్టు ఎక్కడికి పోయింది?

2025లో రిజిస్టరు పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఈ వార్త మన ఊళ్ళలో రకరకాలుగా పాకింది. రిజిస్టరు పోస్టే ఎత్తేశారని కొందరు, ఎర్ర డబ్బాలు కూడా పీకేస్తారని ఇంకొందరు అన్నారు. ఎర్ర డబ్బాలకు, ఈ మార్పుకు ఏ సంబంధమూ లేదు. మామూలు ఉత్తరాలు మామూలుగానే పోతాయి. రిజిస్ట్రేషను కూడా పూర్తిగా పోలేదు, రూపం మార్చుకుంది.

ఇంతకుముందు ఈ రెండూ రెండు వేర్వేరు సేవలు. 1986లో మొదలైన స్పీడ్ పోస్టుది వేగం. చిరునామాలో ఉన్న ఇంట్లో ఎవరు ఉన్నా ఇచ్చేవారు. రిజిస్టరు పోస్టుది భద్రత. పేరున్న మనిషికో, ఆ మనిషి రాతపూర్వకంగా అధికారమిచ్చినవారికో మాత్రమే ఇచ్చి సంతకం తీసుకునేవారు. ఇప్పుడు ఉన్నది స్పీడ్ పోస్టు ఒక్కటే. పేరున్న మనిషికే ఇవ్వాలంటే దానిపైన రిజిస్ట్రేషను అదనంగా కోరుకోవాలి. అందుకు 5 రూపాయలు, జీఎస్టీ. గ్రహీత ఫోనుకు వచ్చే ఓటీపీ చెబితేనే ఇచ్చే ఏర్పాటుకు మరో 5 రూపాయలు, జీఎస్టీ.

ఇక్కడే జాగ్రత్తపడాలి. కౌంటరు దగ్గర ‘స్పీడ్ పోస్టు’ అని మాత్రమే చెబితే రిజిస్ట్రేషను దానంతట అది రాదు. ‘రిజిస్ట్రేషనుతో’ అని నోరు తెరిచి అడగాలి, రసీదులో అది పడిందో లేదో అక్కడే చూసుకోవాలి. ఆస్తి కాగితాలు, లాయరు నోటీసు, ఉద్యోగానికి రాజీనామా, అద్దె ఇల్లు ఖాళీ చేయమనే ఉత్తరం లాంటివి పంపేవారికి ఇది చాలా అవసరం. చదువుకున్న పాత సర్టిఫికెట్లు పంపేటప్పుడు కూడా. పక్కింటివారి పిల్లవాడి చేతిలో పెట్టి పోతే ఆ తరువాత ఎవరిని అడగగలం?

ధరల సంగతి దాచకుండా చెప్పుకోవాలి. పాత పద్ధతిలో 20 గ్రాముల లోపు రిజిస్టరు ఉత్తరానికి బిళ్ళ 5, రిజిస్ట్రేషను 17, జీఎస్టీతో కలిపి 25.96 రూపాయలు అయ్యేది. 2025 అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టు 50 గ్రాముల దాకా స్థానికంగా 19, ఊరు దాటితే 47 రూపాయలు. రిజిస్ట్రేషను, జీఎస్టీ కలిపితే స్థానికంగా 28.32, బయటి ఊరికి 61.36. బరువు హద్దు పెరిగింది, వేగం పెరిగింది, నిజమే. కానీ ఆదోనిలో కూలి చేసుకునే మనిషి కర్నూలు కలెక్టరేటుకు ఒక అర్జీ పంపి రుజువు దగ్గర పెట్టుకోవాలంటే రెట్టింపుకు పైగా ఖర్చవుతోంది. ఆ మనిషికి వేగం అక్కర్లేదు, రుజువే కావాలి. తక్కువ ధరలో రుజువు ఇచ్చే సేవ ఒకటి ఉండి తీరాలి. ప్రజలకు, ప్రభుత్వానికి మధ్య నడిచే ఉత్తరాలకైనా అది ఉండాలి. విద్యార్థులకు పది శాతం తగ్గింపు ఇచ్చారు, మంచిదే. అర్జీదారులను కూడా అలాగే గుర్తుపెట్టుకుని ఉంటే బాగుండేది.

రసీదు మీద పదమూడు గుర్తుల నంబరు ఉంటుంది. ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, తరువాత తొమ్మిది అంకెలు, చివర మన దేశాన్ని తెలిపే ‘ఐఎన్’. స్పీడ్ పోస్టుదైతే మొదటి అక్షరం ‘ఇ’. ఆ తొమ్మిది అంకెల్లో చివరిది ముందున్న ఎనిమిదింటి నుంచి లెక్కగట్టి వేసిన సరిచూపు అంకె. ఒక అంకె తప్పు కొడితే నంబరు చెల్లదని కంప్యూటర్ పట్టుకునేది దానివల్లే. రసీదు సిరా కొద్ది నెలల్లో వెలిసిపోతుంది. ఇంటికి రాగానే దాన్ని ఫోనులో ఫొటో తీసుకోండి. బట్వాడా అయ్యాక వెబ్‌సైటులో కనిపించే వివరాలను కూడా అప్పుడే దాచుకోండి.

తిరిగొచ్చిన కవరు ఏం చెబుతుంది

1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 27వ సెక్షను ఉంది. ఒక చట్టం ప్రకారం పోస్టులో పంపాల్సిన పత్రాన్ని సరైన చిరునామా రాసి, ఖర్చు ముందే చెల్లించి, రిజిస్టరు పోస్టులో వేస్తే, అది మామూలుగా చేరాల్సిన వేళకు చేరినట్టే లెక్క. కాదనేవారు దాన్ని రుజువు చేసుకోవాలి. ఇందులో మొదటి షరతు సరైన చిరునామా. చట్టం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టింది.

చెక్కు చెల్లకపోతే పంపే నోటీసు దీనికి మంచి ఉదాహరణ. చెక్కు వాపసు వచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కేసు వేసే హక్కు వస్తుంది. నోటీసు అందుకోకుండా తప్పించుకుంటే ఈ లెక్క మొదలవదని కొందరు అనుకుంటారు. చిరునామా సరిగ్గా ఉన్న రిజిస్టరు నోటీసు విషయంలో 27వ సెక్షను చెప్పే ‘చేరినట్టే’ అన్న ఊహ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2007లో తేల్చి చెప్పింది.

కాబట్టి తిరిగొచ్చిన కవరు మీద పోస్టుమ్యాన్ రాసిన రెండు మూడు మాటలు చాలా విలువైనవి. ‘తీసుకోనన్నారు’ అని ఉంటే పంపినవారికి అది బలం. ‘తాళం వేసి ఉంది, చీటీ పెట్టాం’ అని వచ్చి, గడువు లోపల ఎవరూ పోస్టాఫీసుకు వెళ్ళి తీసుకోలేదని తిరిగొచ్చినా చాలా సందర్భాల్లో బలమే. ‘చిరునామా చాలదు’ అని వస్తే మాత్రం ఆ ఊహ మొత్తం కూలిపోతుంది, ఎందుకంటే మొదటి షరతే నెరవేరలేదు. అందుకే తిరిగొచ్చిన కవరును విప్పకండి, పారేయకండి. ముద్రలతో, రాతలతో అలాగే ఉంచండి. అవసరం పడితే కోర్టులోనే విప్పవచ్చు.

ఇదే సంగతిని అందుకునేవారి వైపు నుంచి కూడా చూడాలి. అనంతపురం జిల్లా నుంచి బెంగళూరుకు వలసపోయిన కుటుంబాల ఇళ్ళకు నెలల తరబడి తాళాలు ఉంటాయి. ఆధార్ చిరునామా ఊరిదే కాబట్టి బ్యాంకు నోటీసులు, కోర్టు కాగితాలు ఆ తాళం దగ్గరికే పోతాయి. మాకు తెలియదు అన్న మాట తరువాత పనిచేయకపోవచ్చు. ఊరు విడిచేముందు మీ పోస్టాఫీసులో కొత్త చిరునామాను రాతపూర్వకంగా ఇస్తే మీ పేరున వచ్చేవాటిని అటు మళ్ళిస్తారు. ఊళ్ళోనే నమ్మకమైన మనిషి ఉంటే, మీ బదులు తీసుకోవడానికి ఆ మనిషికి అధికారమిస్తూ సంతకం చేసిన కాగితాన్ని పోస్టుమాస్టరుకు ఇవ్వవచ్చు. అన్నిటికన్నా ముందు బ్రాంచి పోస్టుమాస్టరుకు మీ ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళండి.